అనంతగిరి మీది గాలి: రాడార్ చూసినంత మేర

వరికోతలు అయిపోయాక, చలి ముదిరాక, తెల్లవారి ఆరున్నరకు మా అనంతగిరి చెరువుకట్ట మీద నిలబడి కోదాడ వైపు చూస్తే గాలికి కూడా అంతస్తులుంటాయని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. కొయ్యకాళ్ళు కాల్చిన పొగ తాటిచెట్టంత ఎత్తు దాకా నిటారుగా లేస్తుంది. అక్కడ ఎవరో పైకప్పు వేసినట్టు ఆగి, పక్కకు పరుచుకుంటుంది. మేళ్లచెరువు దిక్కున సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాల పొగ ఇంకాస్త ఎత్తులో ఇంకో గీత గీస్తుంది. రాత్రంతా నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కి కిందే కూర్చుంటుంది. దాని మీద వెచ్చటి గాలి మూత పెడుతుంది. తొమ్మిది దాటి ఎండ పొలాన పడ్డాక మూత కరుగుతుంది, రెండు గీతలూ చెదిరిపోతాయి.

ఈ మూత మనకు కనబడే మొదటి పొర. దీని పైన ఇంకా చాలా ఉన్నాయి. అవి కంటికి కనబడవు, పొగ అంత ఎత్తుకు పోదు. వాటిని చూడటానికి వందేళ్ళుగా మనిషి రేడియో తరంగాల మీద ఆధారపడ్డాడు. ఆ వందేళ్ళలో తేలిందేమిటి, తేలనిదేమిటి అని చూడబోతే నాకు ఒక విచిత్రం కనబడింది. పదిహేను కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు వీస్తోందో, డెబ్బై అయిదు కిలోమీటర్ల ఎత్తున ఏం జరుగుతోందో చెప్పగల యంత్రాలు తెలుగు నేల మీదే ఉన్నాయి. అనంతగిరి వరి పొలం మీద మొదటి రెండు కిలోమీటర్ల గాలి సంగతి మాత్రం వాటిలో దేనికీ సరిగా తెలియదు.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. అనంతగిరి పేరుతో మనకు అరకు దారిలో ఒకటుంది, వికారాబాద్‌లో కొండలున్నాయి. నేను చెప్పేది ఆ రెండూ కాదు, సూర్యాపేట జిల్లాలో కోదాడ పక్కనున్నది. ఎందుకు చెబుతున్నానంటే, 2024 అక్టోబరులో వికారాబాద్ దామగుండం అడవిలో రక్షణమంత్రి శంకుస్థాపన చేసినప్పుడు అందరూ ‘నేవీ రాడార్ స్టేషన్’ అనే అన్నారు. అది రాడార్ కాదు. సముద్రం అడుగున తిరిగే జలాంతర్గాములకు అతి తక్కువ పౌనఃపున్యంలో కబురు పంపే వైర్‌లెస్ కేంద్రం. రాడార్ అంటే పంపిన తరంగం తిరిగొస్తేనే పని. కబురు పంపి ఊరుకుంటే అది పోస్టాఫీసు.

తిరిగొచ్చిన తరంగంతో పొరను మొదట పట్టుకున్నది యుద్ధవిమానాల కోసం రాడార్ పుట్టక ముందే. 1924 చివర ఇంగ్లండులో యాపిల్‌టన్, బార్నెట్ అనే ఇద్దరు బీబీసీ ప్రసారాన్నే వాడుకుని పైన దాదాపు వంద కిలోమీటర్ల ఎత్తున విద్యుదావేశంతో నిండిన పొర ఉందని నిరూపించారు. మరుసటేడు అమెరికాలో బ్రైట్, ట్యూవ్ చిన్న చిన్న తునకలుగా తరంగాలు పంపి, అవి తిరిగొచ్చే సమయాన్ని కొలిచారు. ఇవాళ్టి రాడార్లలో ఎక్కువవాటిది ఆ తునకల పద్ధతే. అది అయనో ఆవరణం కథ. కింద, మేఘాలున్న ట్రోపో ఆవరణాన్ని కొలవడానికి అప్పుడు బెలూన్లే దిక్కు. 1928 నుంచి 1931 దాకా పుణే, హైదరాబాద్‌ల నుంచి వదిలిన బెలూన్ల లెక్కలను కె.ఆర్. రామనాథన్, ఆయన సహచరుడు రామకృష్ణన్ విశ్లేషించారు. భూమధ్యరేఖ దగ్గరి ఆకాశమే అన్నిటికన్నా చల్లనిదని రామనాథన్ 1929లోనే లోకానికి చెప్పాడు. ఎండలు మండే మన నెత్తిన పదహారు, పదిహేడు కిలోమీటర్ల పైన సున్నాకు ఎనభై డిగ్రీలు కింద చలి! ధ్రువాల దగ్గర అంత ఎత్తున సాధారణంగా అంత చలి ఉండదు. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు మే నెల, కరెంటు లేదు, నాకు నవ్వొచ్చింది.

ఆ చలి హద్దు పేరు ట్రోపోపాజ్. దాని కింద గాలి కలియబడుతూ ఉంటుంది, పైన స్ట్రాటో ఆవరణంలో దొంతరలు పేర్చినట్టు కలగలవకుండా ఉంటుంది. పైకి పోయే తేమంతా ఈ చలి హద్దు దగ్గర మంచుగా రాలిపోతుంది కాబట్టే స్ట్రాటో ఆవరణం ఒరుగు పెట్టినంత పొడిగా ఉంటుందని 1949లో బ్రూవర్ అనే ఆయన ఊహించాడు. ఆ ఊహ నిలబడింది. అంటే లోకం మొత్తానికి స్ట్రాటో ఆవరణపు తలుపు ఉష్ణమండలంలోనే, మన నెత్తిమీదే ఉంది. ఆ తలుపు దగ్గర ఏం జరుగుతోందో రోజంతా, నిమిషం నిమిషానికీ చూడాలంటే రోజుకు రెండుసార్లు వదిలే బెలూను చాలదు.

దానికోసమే గాదంకి. తిరుపతికి దగ్గర్లో, చుట్టూ కొండలున్న లోయలో ఉందీ ఊరు. కొండలు బయటి రేడియో గోలను అడ్డుకుంటాయి, అందుకే ఆ చోటు ఎంచుకున్నారు. అక్కడ 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు చదరంలో 1024 యాగి యాంటెన్నాలు నాటారు. యాగి అంటే కొత్తదేమీ కాదు, దూరదర్శన్ రోజుల్లో ఇంటి మీద చేప ముల్లులా నిలబడిన ఏరియలే. అది పక్కకు చూసేది, ఇవి నిటారుగా ఆకాశంలోకి చూస్తాయి. ముంబయిలోని సమీర్ సంస్థ యంత్రాన్ని కట్టింది. పి.బి. రావు, ఎ.ఆర్. జైన్, ఎస్.హెచ్. దామ్లే తదితరులు 1995లో దాని స్వరూపాన్ని అంతర్జాతీయ పత్రికలో వివరించారు. 1993 నుంచి శాస్త్రవేత్తలకు అందుబాటులో ఉంది; 2005లో ఆ కేంద్రం పేరు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా మారింది. మీసో ఆవరణం, స్ట్రాటో ఆవరణం, ట్రోపో ఆవరణం మూడింటినీ చూసేది కనుక ఆ మూడింటి ఇంగ్లీషు మొదటి అక్షరాలతో దాన్ని ఎమ్మెస్టీ రాడార్ అంటారు. తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయం పిల్లలు ఎందరో దీని లెక్కల మీదే డాక్టరేట్లు చేశారు.

ఇది పనిచేసే తీరు కాస్త ఆగి చూడాల్సింది. మామూలు వాన రాడార్‌కు చినుకు కావాలి. గాదంకి రాడార్‌కు చినుకు అక్కర్లేదు, మబ్బు కూడా అక్కర్లేదు. శుభ్రమైన గాలే దానికి కనబడుతుంది. ఎలాగంటే, కాగుతున్న పాకం మీద చూస్తే తీపి చిక్కబడ్డ చోటా పల్చబడ్డ చోటా తీగలు తీగలుగా తేడా కనబడుతుందే, గాలిలోనూ తేమ, వేడి హెచ్చుతగ్గులతో అలాంటి తీగలుంటాయి. వాటి మీద పడ్డ తరంగం రవ్వంత వెనక్కి తిరుగుతుంది. రాడార్ పంపేది 53 మెగాహెర్ట్జ్ తరంగం, దాని పొడవు 5.66 మీటర్లు. దానికి కనబడేది అందులో సగం, అంటే 2.8 మీటర్ల కొలతకు సరిపడే గాలి ముడతలు మాత్రమే. అంతకన్నా పెద్దవీ చిన్నవీ ఉన్నా దానికి లేనట్టే.

కట్టిన నాడు పంపేటప్పటి గరిష్ఠ శక్తి 25 లక్షల వాట్లు. తిరిగొచ్చేది ఎంత బలహీనమంటే ఒక్క తునకలో దాన్ని గుర్తుపట్టడం కుదరదు. సెకనుకు వెయ్యి తునకల లెక్కన పంపి, వచ్చినవాటిని కుప్పపోసి, గోలలోంచి మాటను ఏరాలి. పదిహేను కిలోమీటర్ల ఎత్తు నుంచి ప్రతిధ్వని రావడానికి పట్టేది సెకనులో పదివేలో వంతు. ఇక గాలి వేగం? కిరణాన్ని నిటారు నుంచి పది డిగ్రీలు వాల్చి పంపుతారు. అక్కడ గాలి సెకనుకు 20 మీటర్ల వేగంతో కిరణం వాలిన దిక్కుగా వీస్తుంటే, కిరణం వెంట ఆ కదలిక మూడున్నర మీటర్లే పడుతుంది. తిరిగొచ్చిన తరంగంలో మార్పు సెకనుకు 1.2 డోలనాలు. అయిదు కోట్ల ముప్పై లక్షల డోలనాల్లో ఒకటింపావు తేడా! దాన్ని పట్టుకునే గాలి ఎటు, ఎంత అని చెబుతారు. కంసాలి త్రాసు కూడా దీని ముందు మోటుదే.

ఈ పద్ధతి గాదంకిలో పుట్టింది కాదు. పెరూ దేశంలో హికమార్కా రాడార్ అయనో ఆవరణం కోసం కట్టినది. 1974లో వుడ్‌మన్, గియెన్ అనే ఇద్దరు దాంతోనే స్ట్రాటో, మీసో ఆవరణాల్లో గాలినీ అల్లకల్లోలాన్నీ చూపించారు. ఆ తర్వాత జర్మనీ, అలాస్కా, జపాన్ వరుసగా ఇలాంటివి కట్టాయి. జపాన్ వాళ్ళ షిగరాకి రాడార్ 1984 నాటిది. భూమధ్యరేఖకు దగ్గరగా, అందులోనూ రుతుపవనాల దారిలో ఇంత పెద్దది గాదంకిదే.

ఇన్నేళ్ళలో అది ఏం చెప్పింది? మొదటగా రుతుపవన కాలపు తూర్పు గాలి. కింద నైరుతి గాలి వీస్తూ వాన తెస్తున్నప్పుడు, పదిహేను కిలోమీటర్ల పైన దానికి ఎదురుగా తూర్పు నుంచి పడమరకు ఒక గాలి నది ప్రవహిస్తుంటుంది. దీన్ని శాస్త్రలోకానికి చాటినవాడు తెలుగువాడు పంచేటి కోటేశ్వరం. 1958లో ఆయన వ్యాసం వచ్చింది, తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యాడు. కోటేశ్వరానికి దొరికినవి అక్కడక్కడ వదిలిన బెలూన్ల చుక్కలు. గాదంకి రాడార్ జులైలో ఆ నదిని గంటగంటకూ గీసి చూపించింది. సెకనుకు 40 మీటర్లు దాటిన రోజులున్నాయి, అంటే గంటకు నూట నలభై కిలోమీటర్ల పైమాట. మనం కింద గొడుగు పట్టుకుని పడమటి గాలికి వంగి నడుస్తున్నప్పుడు నెత్తిన అంత వేగంతో ఎదురు గాలి!

రెండోది ఆ చలి హద్దు తీరు. నిటారు కిరణానికి వచ్చే ప్రతిధ్వని వాలు కిరణం కన్నా హఠాత్తుగా బలపడిన చోట దొంతర పొరలు మొదలైనట్టు లెక్క. అది అద్దం మీద టార్చి వేసినట్టు: నేరుగా వేస్తే మెరుస్తుంది, పక్కగా వేస్తే మెరవదు. దీంతో ట్రోపోపాజ్ ఎక్కడుందో, పెద్ద ఉరుముల మబ్బు దాన్ని ఎలా గుద్ది వంచుతుందో తెలిసింది. మబ్బు గుద్దినప్పుడు చెరువులో రాయి పడ్డట్టు అలలు పుట్టి పైపైకి పోతాయి. పైన గాలి పలచన కనుక పోయేకొద్దీ అల పెరుగుతుంది, మీసో ఆవరణం దాకా వెళ్ళి విరిగి తన ఊపును అక్కడ వదులుతుంది. వీటిని గురుత్వ అలలు అంటారు. పత్రికల్లో వీటినీ, నల్లబిలాలు ఢీకొన్నప్పుడు వచ్చే గురుత్వాకర్షణ తరంగాలనూ ఒకే పేరుతో రాసేవాళ్ళున్నారు. ఆ రెండింటికీ చుట్టరికమే లేదు.

మూడోది సూర్యాస్తమయం తర్వాతి అయనో ఆవరణం. పొద్దు గుంకాక అక్కడ విద్యుదావేశం పలచబడిన బుడగలు కింద నుంచి వందల కిలోమీటర్ల ఎత్తుకు ఎగుస్తాయి. ఉపగ్రహం నుంచి వచ్చే జీపీఎస్ సంకేతం వాటి గుండా పోతే మిణుకుమంటుంది. విమానాలకు దారి చూపే మన గగన్ వ్యవస్థకు ఇది నిత్యం తలనొప్పి. అయస్కాంత భూమధ్యరేఖకు గాదంకి ఆరేడు డిగ్రీల దూరమే కనుక ఈ బుడగల పుట్టుకను చూడటానికి అనువైన చోటు. ఇందుకోసమే 30 మెగాహెర్ట్జ్‌తో విడిగా ఇంకో రాడార్ కూడా పెట్టారు.

సందేహాలూ ఉన్నాయి. సమీక్ష అన్నాక అవి దాచకూడదు. గాలి పక్కకు వీచే వేగం విషయంలో ఎవరికీ పేచీ లేదు, బెలూన్లతో సరిపోలుతుంది. గాలి పైకీ కిందికీ కదిలే వేగం విషయంలోనే పేచీ అంతా. అది సెకనుకు కొన్ని సెంటీమీటర్లే. ఉరుముల మబ్బులో అయితే మీటర్లు. ఇలాంటి రాడార్లు చాలాచోట్ల ట్రోపో ఆవరణంలో గాలి సగటున దిగుతున్నట్టు చూపించాయి. అన్నిచోట్లా దిగితే ఎక్కేదెక్కడ? అలలు మోసం చేయడం వల్ల ఆ అంకెలో దోషం చేరుతుందని నాస్ట్రమ్, వాన్‌జాంట్ 1994లో వాదించారు. నా మట్టుకు నాకు ఆ వాదన బలమైనదనిపిస్తుంది. రోజుల తరబడి సగటు తీసి గాలి ఎక్కుతోంది, దిగుతోంది అని చెప్పే వ్యాసాన్ని నేను అనుమానంతోనే చదువుతాను. ఒక్క ఉరుముల మబ్బు లోపలి ఎగదోపును చెప్పేదాన్ని నమ్ముతాను.

ఇక గుడ్డి మచ్చలు. పాతిక కిలోమీటర్లు దాటాక, అరవై లోపు, ఈ రాడార్‌కు ఏమీ కనబడదు. అక్కడ తేమ లేదు, గాలి పలచన, విద్యుదావేశమూ చాలదు. ఆ ఖాళీని లేజర్ కాంతితో చూసే లైడార్, రాకెట్లు పూరించాలి. 1998లో గాదంకిలో లైడార్ వచ్చింది అందుకే. అరవై అయిదు నుంచి ఎనభై అయిదు దాకా కనబడుతుంది, అదీ పగలు మాత్రమే. ఎండ పడి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపడితేనే అక్కడ ప్రతిధ్వని. పొద్దు గుంకితే మీసో ఆవరణం దుకాణం కట్టేస్తుంది.

మూడో గుడ్డి మచ్చ నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది, అది కాళ్ళ దగ్గర ఉంది. తునక పంపుతున్నంతసేపూ రాడార్ చెవులు మూసుకోవాలి. నోరు మూసి చెవి తెరిచేలోపు దగ్గరి ప్రతిధ్వనులు వచ్చి వెళ్ళిపోతాయి. అందువల్ల పాత గాదంకి రాడార్ చూపు దాదాపు మూడున్నర కిలోమీటర్ల ఎత్తునే మొదలయ్యేది. ఎనభై కిలోమీటర్ల పైని గాలిని చూసే యంత్రం తన పక్కనున్న చింతచెట్టు మీది గాలిని చూడలేదు! ఆ లోటు తీర్చడానికి 1997లో జపాన్ సహకారంతో ఇంకో చిన్న రాడార్, కింది గాలి కోసమే, పక్కనే పెట్టారు. తర్వాతి కాలంలో పెద్ద రాడార్‌ను కూడా మార్చి, ప్రతి యాంటెన్నాకు కిలోవాటు ట్రాన్స్‌మిటర్‌ను దానికే తగిలించారు.

ఇప్పుడు అనంతగిరికి వద్దాం. ఇక్కడికి గాదంకి చాలా దూరం. మాకు దిక్కు వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లే. అవి చూసేది చినుకును, పది సెంటీమీటర్ల తరంగంతో. తీరంలో ఈ చూపు పాతదే: 1970లో విశాఖలో తుపాను రాడార్ పెట్టారు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత అది ఎందుకు కావాలో ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. మచిలీపట్నంలో ఒకటి, హైదరాబాద్ బేగంపేటలో ఒకటి ఉన్నాయి. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచాను. మచిలీపట్నం మాకు సుమారు 150 కిలోమీటర్లు, బేగంపేట 165. రెండింటికీ మధ్యలో ఉన్నాం, ఇద్దరు కాపలాదారుల మధ్య ఇల్లు కదా అని సంతోషించాను. తర్వాత కాగితం తీసుకుని లెక్క వేశాను.

రాడార్ కిరణం నేలకు తగలకుండా ఉండాలని సాధారణంగా అర డిగ్రీ పైకెత్తి తిప్పుతారు. 150 కిలోమీటర్ల దూరానికి ఆ అర డిగ్రీ వల్లే కిరణం 1.3 కిలోమీటర్లు లేస్తుంది. భూమి గుండ్రం కనుక నేల కిందికి జారుతుంది, అందులో ఇంకో 1.3. మొత్తం రెండున్నర కిలోమీటర్ల పైమాట. బేగంపేట నుంచి వచ్చేది మూడు కిలోమీటర్లు దాటి పోతుంది. పైగా కిరణం దారంలా సన్నగా ఉండదు. ఒక డిగ్రీ వెడల్పుతో ఇక్కడికి వచ్చేసరికి రెండున్నర కిలోమీటర్ల మందమవుతుంది. అంటే ఇద్దరు కాపలాదారులూ మా ఇంటి కప్పు మీద నుంచి చూస్తున్నారు. ఇంట్లో ఏం జరుగుతోందో కాదు.

పోయినేడు కోతల్లో మా బాబాయి ఫోన్ చేశాడు. “ఏందిరా, ఫోన్ల మనూరు మీద ఎర్రగ జూపిస్తుంది, ఈడ సుక్క రాలలే. వడ్లు కుప్పజెయ్యమంటవా, ఆరనియ్యమంటవా?”

“పైన పడుతుంది బాబాయ్, కిందికొచ్చేలోపు ఎండిపోతుందేమో,” అన్నాను.

“పైన పడే వాన నాకెందుకురా!”

ఆయన అడిగింది రాడార్ శాస్త్రంలో అసలు ప్రశ్న. మూడు కిలోమీటర్ల ఎత్తున ఉన్న చినుకు పొడి గాలిలో పడుతూ ఆవిరైపోవచ్చు. తిరగబడితే ఇంకా ప్రమాదం: రెండు కిలోమీటర్ల లోపే చినుకు చినుకును కలుపుకుని పెద్దదయ్యే వానలో, పైనుంచి చూసే కిరణానికి కుండపోత కూడా జల్లులా కనబడుతుంది. దీనికి తోడు ప్రతిధ్వని బలం చినుకు వ్యాసానికి ఆరో ఘాతం. నాలుగు మిల్లీమీటర్ల చినుకు ఒక్కటి మిల్లీమీటరు చినుకులు 4096 కలిసి పంపినంత ప్రతిధ్వని పంపుతుంది, అందులో నీళ్ళు మాత్రం 64 చినుకులవే. నాలుగు లావు చినుకులు ఫోన్లో ఎర్ర రంగు పులిమేస్తాయి. 1948 నాటి మార్షల్, పామర్ సూత్రంతో ప్రతిధ్వనిని వానగా మార్చడం ఇప్పటికీ ఉంది, కానీ అది వేరే దేశపు వానను చూసి కట్టింది. మన వానలో చినుకుల పరిమాణాలు ఎలా ఉంటాయో గాదంకిలో ఏళ్ళ తరబడి కొలుస్తున్నారు. ఆ పెద్ద రాడార్ గాలినీ చినుకునూ విడివిడిగా చూడగలదు కనుక ఈ పనికి బాగా పనికొస్తుంది. ఆకాశపు పై అంతస్తుల కోసం కట్టిన యంత్రం నేల మీది రైతుకు ఎక్కువగా అక్కరకొచ్చేది ఇక్కడేనని నా అభిప్రాయం. దాన్ని గురించి రాసేవాళ్ళు ఈ సంగతి తక్కువ చెబుతారు.

2024 ఆగస్టు 31 రాత్రి కళింగపట్నం దగ్గర వాయుగుండం తీరం దాటింది. అక్కడికి మేం నాలుగు వందల యాభై కిలోమీటర్లకు పైగా దూరం. అయినా తెల్లవారేసరికి కోదాడ వీధుల్లో నీళ్ళు, ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు. వాన వస్తుందని ముందే చెప్పారు, రంగు హెచ్చరికలూ ఇచ్చారు. జిల్లాకు హెచ్చరిక ఇవ్వడం వేరు, పాలేరు ఒడ్డున ఏ వాగుకు ఏ గంటలో ఎంత వస్తుందో చెప్పడం వేరు. ఆ రెండోది చెప్పాలంటే కింది గాలిలోకి తేమ ఎటునుంచి ఎంత చేరుతోందో తెలియాలి. అదే మనకు కనబడని గాలి.

ఆ వరదలైన పది రోజులకు, సెప్టెంబరు 11న, కేంద్ర మంత్రివర్గం రెండేళ్ళకు 2000 కోట్ల రూపాయలతో మిషన్ మౌసమ్‌ను ఆమోదించింది. అందులో కొత్త రాడార్లు, గాలి వేగాన్ని నిటారుగా కొలిచే విండ్ ప్రొఫైలర్లు ఉన్నాయి. ఎక్కువమంది రాడార్ల సంఖ్యే లెక్కపెడతారు. నాకైతే వాటి మధ్య దూరం ముఖ్యం. పెద్ద రాడార్ ఇంకోటి 200 కిలోమీటర్ల అవతల పెడితే ఈ రెండున్నర కిలోమీటర్ల ఖాళీ అలాగే ఉంటుంది. మూడు సెంటీమీటర్ల తరంగంతో పనిచేసే చిన్న రాడార్లు యాభై, అరవై కిలోమీటర్లకు ఒకటి ఉంటే కిరణం ఆరేడు వందల మీటర్ల ఎత్తునే పోతుంది. చిక్కేమిటంటే పెద్ద వానలో ఆ చిన్న తరంగం దారిలోనే నీరసపడిపోతుంది, మొదటి వాన వెనకున్న రెండో వాన కనబడదు. తుపానుకు పెద్దది, వాగుకు చిన్నది రెండూ కావాలి. పెద్దదానికీ భద్రత లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ రాడార్‌నే దెబ్బతీసింది.

వడ్ల సంగతి అడిగిన ఆ రోజు బాబాయి నా మాట వినలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని కట్ట మీదికి వెళ్ళి, కొయ్యకాళ్ళ పొగ ఎటు పోతోందో చూశాడట. పొద్దున గీతలా పరుచుకున్న పొగ మధ్యాహ్నానికి తూర్పు నుంచి పడమరకు తోసుకుపోతోంది, వాసన తడిగా ఉంది. నాలుగింటికి వడ్లు కుప్పచేసి పట్టాలు కప్పాడు. అయిదున్నరకు చినుకు పడింది, పావుగంటే, కుప్ప అంచులు తడిసేంత.